కాకి నేర్పిన అక్షరం

మొన్న వేసవి సెలవుల్లో మా అక్కయ్య కూతురు తన కొడుకుని మా ఇంట్లో దింపి వెళ్ళింది. వాడికి ఆరేళ్ళు. నన్ను "చిన్నమ్మమ్మా" అని పిలుస్తాడు. నలభై దాటి నిండా నాలుగేళ్ళు కాలేదు, అప్పుడే అమ్మమ్మ హోదా! సరే, పిలుపుదేముంది లెండి. వచ్చిన చిక్కల్లా వాడి సంచీలో ఉన్న ఇంగ్లీషు వాచకంతోనే వచ్చింది.

"పిన్నీ, వీడికి చదవడం రావట్లేదు. క్లాసులో అందరికంటే వెనకున్నాడని వాళ్ళ టీచరు డైరీలో రాసి పంపింది. రోజుకో పేజీ అయినా చదివించు" అని ఒప్పజెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. గుమ్మం దిగుతూ గొంతు తగ్గించి, "మొద్దవుతాడేమోనని భయంగా ఉంది పిన్నీ" అంది. వాడు తలుపు వెనకే ఉన్నాడు. వినేశాడు.

మర్నాడు పొద్దున్న వాడూ నేనూ పెరట్లో చాప వేసుకుని కూర్చున్నాం. పుస్తకం బ్రహ్మాండంగా ఉంది. నున్నటి కాగితం, కళ్ళు చెదిరే రంగులు. ఐ దగ్గర ఇగ్లూ, ఎక్స్ దగ్గర సైలఫోన్, వై దగ్గర యాట్. వాడు చూడలేదు సరే, నేను మాత్రం ఎప్పుడు చూశాను గనక! వాడు వేలు పెట్టి అక్షరాలను తడుముతున్నాడు, నోరు మాత్రం పెగలడం లేదు. పది నిమిషాలకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో గోడ మీద కాకి వాలింది. వాడు చటుక్కున తలెత్తి, "చిన్నమ్మమ్మా, ఇది నిన్నటి కాకి కాదు. దానికి ఎడమ రెక్కలో ఒక ఈక లేదు" అన్నాడు.

ఈ ఇంట్లో పద్ధెనిమిదేళ్ళుగా కాపురం ఉంటున్నాను. ఆ గోడ మీద వాలేవి రెండు వేరు వేరు కాకులని నాకు ఆ పూటే తెలిసింది. వీడా మొద్దు?

ఆ కాకిని చూస్తుంటే నాకు ఇంకో కాకి గుర్తొచ్చింది. మూడు వందల అరవై ఏళ్ళకు పైబడిన కాకి అది! బి.ఏ.లో చరిత్ర చదివిన పుణ్యాన, పుస్తకాల చరిత్రంటే నాకు మొదట్నించీ కాస్త పిచ్చి. పిల్లల కోసం బొమ్మలతో అచ్చు వేసిన పుస్తకాల్లో మొట్టమొదటి వాటిలో ఒకటిగా పేరుపొందిన గ్రంథం 'ఆర్బిస్ పిక్టస్'. బొమ్మల్లో ప్రపంచం అని అర్థం. 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. అందులో అక్షరాల పట్టికలో మొదటి బొమ్మ కాకిదే. ఎందుకో తెలుసా? కాకి "ఆ ఆ" అని అరుస్తుంది కనక! లాటిన్ అక్షరమాలలో మొదటిది 'ఎ' గదా, దాని ధ్వని 'అ' అని పిల్లవాడికి ఎవరు చెప్పాలి? కాకి చెప్తుందన్నాడు ఆ పుస్తకం రాసిన మహానుభావుడు.

తరవాత 'బి' కి గొర్రెపిల్ల, "బే" అంటుంది. 'జి' కి బాతుజాతి హంస, "గా గా" అంటుంది. 'ఎం' దగ్గర ఎలుగుబంటి "మమ్ మమ్" అని గొణుగుతుంది. 'ఎన్' దగ్గర పిల్లి "నౌ నౌ" అంటుంది. మన పిల్లులు మ్యావంటాయి, వాళ్ళ పిల్లులు నావంటాయి కాబోలు. 'ఎస్' అంటే పాము బుస. 'ఎఫ్' గాలి వీచే చప్పుడు. పాలు తాగే పసిపాప ఏడుపు కూడా ఒక అక్షరమే ఆయనకి! చదువంటే అదేదో ఆకాశం నుంచి ఊడిపడేది కాదనీ, పిల్లవాడి చెవిలో అప్పటికే ఉన్న చప్పుళ్ళకి ఒక్కొక్క గుర్తు పెట్టడమేననీ ఎంత సులువుగా చెప్పేశాడో చూడండి.

ఆయన పేరు కొమీనియస్. ఈనాటి చెక్ దేశంలోని మొరావియా ప్రాంతంలో 1592లో పుట్టాడు. ఆయన జీవితం చదివితే, ఇన్ని కష్టాలు పడ్డ మనిషి పిల్లులనీ బాతులనీ ఎలా తలుచుకోగలిగాడా అని ఆశ్చర్యం వేస్తుంది. పన్నెండేళ్ళ లోపే తల్లీ తండ్రీ పోయారు. బంధువుల ఇంట పెరిగాడు. లాటిన్ బడికి వెళ్ళేసరికి పదహారేళ్ళు. చిన్న చిన్న పిల్లల మధ్య ఈ పొడుగుపాటి కుర్రాడు కూర్చుని, అర్థం తెలియని వ్యాకరణ సూత్రాలు వల్లె వేశాడు. మన తాతలు శబ్దమంజరి పట్టుకుని అరుగుల మీద ఊగుతూ చదివారే, అలాగన్న మాట. చదువు ఆలస్యంగా మొదలవడం ఒక విధంగా మేలే చేసింది. బడిలో పిల్లల మీద జరిగేదేమిటో గ్రహించే వయసు అప్పటికి ఆయనకి వచ్చింది. తర్వాత జీవితమంతా ఆ బడుల తీరుని దుయ్యబడుతూనే ఉన్నాడు.

చదువయ్యాక మతబోధకుడయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఇంతలో 1618లో ఐరోపా అంతటా ముప్ఫయ్యేళ్ళ యుద్ధం రాజుకుంది. ఆయన శాఖ వాళ్ళకి సొంత ఊళ్ళో నిలువ నీడ లేకుండా పోయింది. 1621లో ఇల్లు వదిలి అజ్ఞాతంలోకి వెళ్ళాడు. ఆయన అలా దూరంగా ఉండగానే 1622లో ప్లేగు వచ్చి భార్యా, ఇద్దరు పసిబిడ్డలూ పోయారు. 1628లో దేశమే వదిలి పోలెండులోని లెష్నో అనే ఊరికి చేరాడు. మళ్ళీ పుట్టిన గడ్డ మీద బతకలేదు.

మన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ లెష్నోలో ఆయన మొదటి రోజుల్లో రాసినవాటిలో ఒకటి తల్లుల కోసం రాసిన పుస్తకం. పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ళ దాకా పిల్లవాడి బడి తల్లి ఒడేనని దాని సారాంశం. నీళ్ళంటే ఏమిటి, నిప్పంటే ఏమిటి, ఇది రాయి, ఇది ఆవు, ఇది చెట్టు, ఇది చీకటి, ఇది వెలుగు అని పిల్లవాడికి తెలిసిన రోజునే ప్రకృతి శాస్త్రం మొదలయిందన్నాడు. ఆరో ఏడు నిండేదాకా పిల్లల్ని బడికి తోలవద్దన్నాడు. మనం మూడో ఏడు నిండకుండానే వీపుకి సంచీ తగిలించి ఆటో ఎక్కిస్తున్నాం. ఆడపిల్లల్నీ మగపిల్లల్ని ఒక్కలాగే చదివించాలని కూడా రాశాడు. పదిహేడో శతాబ్దంలో అలా రాసినవాళ్ళు ఎందరున్నారు!

"అంటే మొత్తం బరువు తీసుకొచ్చి తల్లి నెత్తినే పెట్టాడన్న మాట" అన్నారు మావారు, పేపరు చాటునుంచి. నిజమే, పెట్టాడు. కాకపోతే ఆ పెట్టినాయన తల్లిని పన్నెండేళ్ళ లోపే పోగొట్టుకున్నవాడు. అందుకని నేను పోట్లాడదల్చుకోలేదు.

1650లో హంగరీలోని షారోష్‌పటాక్ అనే ఊరి నుంచి పిలుపు వచ్చింది, బడిని బాగుచేసి పెట్టమని. నాలుగేళ్ళున్నాడు. ఈ బొమ్మల పుస్తకం అక్కడే రూపు దిద్దుకుంది. కానీ అన్ని బొమ్మలు చెక్కగల పనివాడు అక్కడ దొరకలేదు. పని న్యూరెంబర్గ్‌కి వెళ్ళింది. ఆయన లెష్నోకి తిరిగి వచ్చాడు. 1656లో యుద్ధం లెష్నో మీద పడి ఊరు తగలబడిపోయింది. నలభై ఏళ్ళకు పైగా మాట మాట కూర్చుకుంటూ వచ్చిన చెక్ భాషా నిఘంటువు రాతప్రతి ఆ మంటల్లో బూడిదయింది. కథలు రాసుకునేదాన్ని, ఒక్క కాగితం కనిపించకపోతే ఇల్లంతా తలకిందులు చేస్తాను. నలభై ఏళ్ళ పని! ఆ తరవాత రెండేళ్ళకి, అరవై ఆరో ఏట, ఆమ్‌స్టర్‌డాంలో పరాయి పంచన ఉంటున్న ఆ పెద్దాయన పేరున ఈ పిల్లల పుస్తకం బయటికి వచ్చింది. ఆయన రాసిన పెద్ద పెద్ద గ్రంథాల మాటెలా ఉన్నా, చిన్న పిల్లల చేతుల్లోకి వెళ్ళి నిలిచింది ఇదే.

పుస్తకం ఎలా ఉంటుందో చెప్తాను. నూట యాభై పాఠాలు. ఒక్కొక్క పాఠానికీ పైన ఒక బొమ్మ, కింద ఒక పక్క లాటిన్, ఇంకో పక్క జర్మన్. బొమ్మలోని ప్రతి వస్తువుకీ పక్కన ఒక అంకె వేసి ఉంటుంది. కింద వాక్యంలో ఆ వస్తువు పేరు వచ్చిన చోట అదే అంకె. పిల్లవాడి వేలు బొమ్మలో మూడో అంకె మీంచి వాక్యంలో మూడో అంకె మీదికి నడిచి వెళ్తుంది, అంతే. గురువు బెత్తం అక్కర్లేదు. వేలు నడిచిన దారే చదువు.

మొదట ఆకాశం, నిప్పు, గాలి, నీళ్ళు, మబ్బులు, భూమి. ఆ తరవాత చెట్లూ, పళ్ళూ, పూలూ, కూరలూ, ధాన్యాలూ. విత్తనం మొలకై, మొలక మొక్కై, మొక్క చెట్టవడం ఒక పాఠం. ఇంటి కోళ్ళు, పాటలు పాడే పిట్టలు, నీటి పక్షులు, ఎగిరే పురుగులు, పాకే పురుగులు, బరువులు మోసే పశువులు, అడవి మృగాలు, చేపలు. మనుషులూ, వాళ్ళ వృత్తులూ, రాజులూ, యుద్ధాలూ అన్నీ ఆ తరవాతే. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషి చీమనీ గువ్వనీ ముందు కూర్చోబెట్టి, యుద్ధాన్ని వెనక్కి నెట్టాడు. ఇది నా ఊహే అనుకోండి, ఆయన అలా అనలేదు.

ముందుమాటలో పెద్దలకి చెప్పిన మాటలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. బడికి పంపకముందే ఈ పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి, ఊరికే బొమ్మలు చూసుకోనివ్వమన్నాడు. వాటి పేర్లు ముందు సొంత భాషలో చెప్పించమన్నాడు. వాళ్ళకి బుద్ధి పుడితే ఆ బొమ్మల్ని చూసి గీసుకోనివ్వమన్నాడు. దొరికే వస్తువయితే బొమ్మతో సరిపెట్టకుండా ఆ వస్తువునే తెచ్చి చూపించమన్నాడు.

అలాగని ఆయన తప్పు చెయ్యలేదా? చేశాడు. ఒంటికొమ్ము గుర్రాన్ని కూడా పశువుల్లో చేర్చి, దాని కొమ్ము చాలా విలువైనదని రాశాడు! పాముల పాఠంలో రెక్కల సర్పం ఒకటి ఊపిరితోనే చంపుతుంది, ఇంకొకటి చూపుతోనే చంపుతుంది. ఆ రోజుల్లో పండితులే నమ్మేవారు మరి. కంటితో చూసినదాన్నే నేర్పాలన్న మనిషి ఎవరూ చూడని జంతువుల్ని బొమ్మ వేయించాడంటే నవ్వొస్తుంది. మన పిల్లలకి ఎక్స్ దగ్గర సైలఫోన్ పెట్టేవాళ్ళం మనకి నవ్వే హక్కుందా అన్నది వేరే మాట.

మరుసటేడే, 1659లో, చార్లెస్ హూల్ అనే ఉపాధ్యాయుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1666లో నాలుగు భాషల్లో కలిపి వేశారు. తొంభై ఏళ్ళ తరవాత పుట్టిన జర్మన్ మహాకవి గెథే కూడా తన చిన్నతనంలో పిల్లలకని ఉన్న పుస్తకం అదొక్కటేనన్నట్టు ఆత్మకథలో తలుచుకున్నాడు.

బొమ్మ ఉంటే చాలదు, అది నిజంగా ఆ ప్రాణిలాగే ఉండాలని పట్టుబట్టినవాడు ఇంకొకడున్నాడు. ఇంగ్లండులో తామస్ బ్యూయిక్. 1753లో పుట్టాడు. టైన్ నది ఒడ్డున పల్లెటూరి పిల్లాడు. లెక్కలు చేయమంటే పలక మీద బొమ్మలు గీసేవాడట. పలక చాలక సుద్దముక్కతో సమాధి రాళ్ళ మీదా, చర్చి వాకిట్లోనూ, ఇంట్లో పొయ్యి ముందు గచ్చు మీదా గీసేవాడట. ఆ గచ్చు కడుక్కునే తల్లి ఏమనుకునేదో ఎవరూ రాయలేదు. ఆయన చిన్నప్పుడు ఇంగ్లండులో పిల్లల చేతుల్లో మూడు వందల జంతువుల పుస్తకం ఒకటుండేది. ఆ బొమ్మలు చూస్తే తనకి ఒళ్ళు మండేదనీ, వీటికంటే నేనే బాగా వెయ్యగలనని బడిపిల్లాడిగా ఉన్నప్పుడే అనిపించేదనీ తరవాత రాసుకున్నాడు.

వేసి చూపించాడు కూడా. 1790లో జంతువుల పుస్తకం, 1797లోనూ 1804లోనూ పక్షుల పుస్తకాలు రెండు సంపుటాలు. గట్టి చెక్కని అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నటి ఉలితో ఈక ఈకా చెక్కేవాడు. పక్షుల కోసం ముందు ఒక పెద్దమనిషి సేకరించి పెట్టిన పొట్టు కూరిన పిట్టల్ని చూసి గీశాడు. తీరా బయటికి వచ్చి ప్రాణమున్న పిట్టని చూస్తే అదీ ఇదీ ఒకటి కాదనిపించింది. ఆ గీసినవాటిలో చాలా భాగం పక్కన పెట్టి మళ్ళీ మొదలెట్టాడు. మన నవలా ప్రియులకి ఈ పక్షుల పుస్తకం తెలిసినదే. ఛార్లట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఐర్' నవల మొదట్లో, దిక్కులేని పదేళ్ళ పిల్ల కిటికీ తెర వెనక దాక్కుని చూస్తుండే బొమ్మల పుస్తకం ఇదే. ఆ పిల్ల అందులో మాటలు పెద్దగా పట్టించుకోదు. బొమ్మల్లోనే కథలు వెతుక్కుంటుంది. ఆ పుస్తకంతోనే మేనమామ కొడుకు తల పగలగొడతాడు. కాలేజీలో చదివినప్పుడు ఆ దెబ్బకే ఏడ్చాను. ఇప్పుడు చదివితే, ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కోవడం దగ్గరే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మన సంగతి. మన తెలుగు వాచకాలు ఈ విషయంలో తీసిపోయినవి కావు సుమండీ. ఆ అంటే ఆవు, ఈ అంటే ఈగ, ఉ అంటే ఉడుత, ఎ అంటే ఎలుక, ఏ అంటే ఏనుగు, ఒ అంటే ఒంటె. అచ్చులు పూర్తయ్యేసరికే సగం జూ చూసినట్టుంటుంది. ఋషిని తప్ప అందరినీ దాదాపు చూడొచ్చు. పైగా మన అక్షరానికి పేరే ధ్వని. ఇంగ్లీషులో 'హెచ్' అని పిలిచి 'హ' అని పలకాల్సిన గందరగోళం మనకి లేదు. మనకి లేనిదల్లా ఆ ఒక్క బొమ్మ తరవాత ఇంకో పేజీ. ఉడుత బొమ్మ చూశాక ఆ ఉడుత ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో రెండు చిన్న మాటల్లో చెప్పేది ఉండదు. నేరుగా గుణింతాలూ, ఒత్తులూ.

ఆ లోటు నా చిన్నతనంలో, అంటే 1980లలో, మాస్కో తీర్చింది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర షాపులో అతి చవకగా దొరికేవి. పెద్ద అక్షరాలు, పేజీ నిండా బొమ్మ. నాన్నగారు వాటిని తెచ్చిన రోజు ఇంట్లో పండగే. మంచులో నక్కలు, ముళ్ళపందులు, ఎలుగుబంట్లు. మంచు మొహం ఎరగని మేము కాళ్ళు కాలే ఎండలో కూర్చుని మంచులో అడుగుల గుర్తులు పోల్చుకునేవాళ్ళం. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం తెలుగు పుస్తకాలు ఉన్నాయి గానీ, వాటి కోసం వెతుక్కుంటూ వెళ్ళాలి. బజార్లో ఎదురొచ్చేది మాత్రం ఇగ్లూలూ, యాట్లూనూ.

అందుకని నేనే ఒక పుస్తకం తయారుచేశాను. నవ్వకండి. పాత లాంగు నోట్సు కాగితాలు పన్నెండు, పెన్సిలు, సూదీ దారం. నా బొమ్మలు ఎలా ఉంటాయో మావారిని అడగండి, చెప్తారు. మొదటి పేజీలో గోడ మీద కాకి. ఒకటో అంకె కాకి, రెండో అంకె గోడ, మూడో అంకె మెతుకులు. కింద "కాకి గోడ మీద వాలింది" అని పెద్దక్షరాలు. తరవాత చీమలు, బల్లి, తులసి మొక్క, మందారం, గుటుర్రుమనే పావురం, వాన పడితే బెకబెకమనే కప్ప. అన్నీ మా పెరటివే.

మొదటి రోజు మనవడు కాకి బొమ్మ చూసి "కాకి" అన్నాడు. అక్షరాలు చూడలేదు. చూడకపోతే పోయె! చదివినట్టు వేలు మాత్రం కదిలింది. మూడో రోజు "గోడ" దగ్గర ఆగి, బొమ్మలో రెండో అంకె వెతుక్కుని, వెనక్కి వచ్చి "గోడ" అన్నాడు. వారం తరవాత బొమ్మ లేకుండా చీటీ మీద "కాకి" అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మంచినీళ్ళకి వచ్చి, సీసా పట్టుకుని, అక్కడే నిలబడిపోయాడు. పైకి చదవలేదు. నాకేసి చూసి "కావ్" అన్నాడు.

అద్భుతాలేమీ జరగలేదని కూడా చెప్పాలి. ఒత్తులు వస్తే ఇప్పటికీ తడబడతాడు. ఇంగ్లీషు వాచకం దగ్గరికి ఇంకా భయంభయంగానే వెళ్తున్నాడు. కానీ పుస్తకం తెరిస్తే ఏడవడం లేదు.

సెలవులు అయిపోయాయి. తీసుకువెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. వాడు సంచీలోంచి మా పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. తను పేజీలు తిప్పి, "బొమ్మల్ని చూసి చెప్పేస్తున్నాడేమో పిన్నీ, నిజంగా చదువుతున్నాడా?" అని అనుమానపడింది. నేను జవాబు చెప్పబోయేంతలో వాడు ఉడుత పేజీ దగ్గర ఆపి, "అమ్మా, ఇది తప్పు. ఉడుతకి వీపు మీద మూడు గీతలే. చిన్నమ్మమ్మ నాలుగు గీసింది" అన్నాడు.

లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి. రామాయణం విని పెరిగినదాన్ని, రాముడి వేళ్ళ గుర్తులు మర్చిపోయాను.

వాడు రబ్బరు తెచ్చి ఒక గీత జాగ్రత్తగా చెరిపాడు. పొట్టు ఊదేశాడు. అప్పుడు కింది మాట మీద వేలు పెట్టి, వాళ్ళమ్మ వినేలా, "ఉ...డు...త" అన్నాడు.